ఆవిరి ఆగేదాకా

మా అన్నయ్య షాపుకి పేరు తెచ్చింది నా భార్య. బోర్డు మీద బొమ్మ మా అమ్మది. ఇందులో వాదించడానికేమీ లేదు. వీధిలో అందరికీ తెలుసు. అన్నయ్యకి అందరికంటే బాగా తెలుసు.

అమ్మ ఆ షాపు వంటింట్లో ఏనాడూ అడుగుపెట్టలేదు. వాఫిల్స్ వేసే గళ్ళ పెనమంటే ఆవిడకి భయం. నోరు తెరిచిన మొసలిలా ఉందనేది. బోర్డు కడుతున్న రోజు రోడ్డు మీద నిలబడి అడిగింది కూడా.

"నా మొహం ఎందుకురా అక్కడ? చేసేది చిన్నకోడలైతేను!"

"అమ్మ చేతి వంటంటే జనం నమ్ముతారమ్మా. తమ్ముడి పెళ్ళాం చేతి వంటంటే ఎవడొస్తాడు?" అన్నాడు అన్నయ్య, నిచ్చెన మీదనుంచి.

ఆ నిచ్చెన కింద పట్టుకుని నిలబడింది నా భార్య. వదల్లేదు. వదిలేసి ఉంటే బాగుండేదని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఆమె ఆ షాపులో ఉద్యోగానికి చేరలేదు. పెళ్ళైన కొత్తలో కాస్త చేతిసాయం చెయ్యమని పిలిచారు. ఆ సాయం ఆమె మంచం పట్టేదాకా సాగింది. పనివాళ్ళకి జీతం ఉండేది, సెలవు ఉండేది. ఆమె ఇంటి మనిషి, అందుకని రెండూ లేవు. నేను బస్సు డిపోలో మెకానిక్‌ని. ఒకసారి అన్నయ్యని అడిగాను. "ఇంట్లోవాళ్ళకి జీతమేమిట్రా, సిగ్గులేకుండా!" అన్నాడు. సిగ్గుపడాల్సింది నేనన్నమాట.

షాపులో అసలు సరుకు రొట్టె. బయట కొన్న ఈస్టు వేసి చేసేవాళ్ళు. దూదిలా ఉండేది, రుచీ దూదిదే. ఆమె ఒక గాజు సీసాలో గోధుమపిండి, నీళ్ళు కలిపి కిటికీ పక్కన పెట్టింది. రోజూ అందులోంచి కొంత తీసేసి, కొత్త పిండి, కొత్త నీళ్ళు చేర్చేది. మొదటిసారి బూజు పట్టింది. మళ్ళీ చేస్తే కంపు కొట్టింది. "ఇంట్లో ఎలక చచ్చినట్టుంది" అని వదిన ముక్కు మూసుకుంది. ఆమె సీసా కడిగి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి పిండి దానంతటదే బుడగలు కట్టి, పొంగి, మూతని నెట్టుకుని పైకొచ్చింది. పుల్లటి, శుభ్రమైన వాసన. ఈస్టు అక్కర్లేని రొట్టె అలా వచ్చింది ఆ షాపుకి.

ఆ పిండికి ఆమె పెట్టిన పేరు అత్తగారు.

"వేళకి పెట్టకపోతే పులిసిపోతుంది, పెడితే పొంగిపోతుంది. ఇంకేమని పిలవమంటారు?" అంది నాతో. అమ్మ పక్క గదిలోంచి వింది. "పేరు నాది, ముందు పెట్టేది మాత్రం దానికి" అని అరిచింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ఇంట్లో ఆమెతో కలిసి నవ్విన మనిషి అమ్మ ఒక్కతే.

రోజూ సీసాలోంచి తీసిన పిండిని పారెయ్యాలి. లేకపోతే పెరిగి పెరిగి గంగాళం కూడా చాలదు. ఆమెకి అది మనసొప్పలేదు. "ఇదేం తప్పు చేసిందండీ? సీసాలో చోటు చాల్లేదు, అంతేకదా!" అంది. ఆ తీసేసిన పిండిలో గుడ్డు కొట్టి, పాలు, కరిగిన వెన్న, ఉప్పు, కాస్త చక్కెర వేసి కలిపింది. అన్నీ అయ్యాక, పెనం వేడెక్కాక, చివర్న చిటికెడు వంటసోడా. సోడా పడగానే ఆ పులుపు నిద్రలేచినట్టు పిండంతా నురగెత్తేది. అప్పుడిక ఆమె ఎవరి మాటా వినేది కాదు. గరిటెతో పెనం మీద పోసేది. పైన బుడగలు పగిలి, ఆ చిల్లులు మళ్ళీ పూడకుండా అలాగే నిలిస్తే తిప్పేది. ముందు తిప్పేది కాదు, ఎవరు కేకలేసినా సరే. ఆ పాన్‌కేకులు చేతిలో పట్టుకుంటే బరువు తెలిసేది కాదు. తేనె పోసుకుని తింటే తీపి కింద చిన్న పులుపు నాలుకని పట్టుకునేది. వాఫిల్స్‌కి పిండి ముందురోజే కలిపి నానబెట్టేది. అంచులు కరకరలాడేవి, లోపల మెత్తగా ఉండేది. నేను చాలా ఇంజన్లు విప్పి బిగించాను. చేతనై చేసిన పని ఏదో, చేతకాక చేసిన పని ఏదో నాకు తెలుసు. ఆమె పనిలో నేను ఒక్క వంక పట్టలేకపోయాను.

వాటికోసం జనం బారులు తీరారు. "పారబోసే పిండితో చేసిందే కదా, నాదేం పోయింది?" అన్నాడు అన్నయ్య. ఆ మాట ఆమెను మెచ్చుకుంటూ అన్నాననుకున్నాడు.

గళ్ళ పెనంలో పిండి పోసి మూత వేశాక, పక్కలనుంచి ఆవిరి వస్తుంది. ఆవిరి పూర్తిగా ఆగేదాకా మూత తియ్యకూడదు. తీస్తే వాఫిల్ రెండుగా చీలిపోతుంది. ఆ కాసేపూ ఆమెకి చేసే పని ఉండేది కాదు. అరచేతులు నడుం మీద పెట్టుకుని ఆవిరిని చూస్తూ నిలబడేది. వదిన పిలిచినా కదిలేది కాదు. "పెనం మీద ఉంది" అనేది. ఏం ఆలోచిస్తావని నేను అడిగితే, "చెప్తే అవి నావి కాకుండా పోతాయి" అంది. ఆస్పత్రిలో, నొప్పి కాస్త తగ్గిన ఒక పూట, తనే చెప్పింది. ఆవిరి ఆగేదాకా తన మనిషి తనేనట. అన్నయ్యకి, వదినకి, వచ్చి వేలితో టేబుల్ మీద కొట్టే కస్టమర్లకి సమాధానాలు ఆ కాసేపట్లోనే చెప్పేదట. చాలా బాగా చెప్పేదాన్ని, ఒక్కోటి వింటే మీరు బిత్తరపోయేవారు అంది. ఒక్కోసారి కోపం లేని రోజు, సొంతంగా ఒక గది ఉన్నట్టు, అందులో ఒక కుర్చీ, ఆ కుర్చీలో తను ఊరికే కూర్చున్నట్టు అనుకునేదట. కుర్చీ ఏ రంగో కూడా తెలుసట. ఈలోగా ఆవిరి ఆగిపోయేది. మూత తీసేసరికి సమాధానం మర్చిపోయేదాన్ని, వాఫిల్ మాత్రం బాగా వచ్చేది అంది. ఆ వాఫిల్స్ తిని మూతి తుడుచుకుని వెళ్ళినవాళ్ళెవరికీ తెలియదు, తాము తిన్నది ఏ మాట మింగితే తయారైందో.

బోర్డు కట్టిన మర్నాటినుంచి ఆమె ఒక పని మొదలుపెట్టింది. అడిగిన ప్రతి ఆడమనిషికీ ఆ పిండి ఒక గరిటెడు ఇచ్చేది. కుట్టుమిషన్ ఆమెకి, నర్సుకి, ఎదురు వరసలో హోటల్ పెట్టిన ఆవిడకి. పక్కన నిలబెట్టి, వాళ్ళ చేత్తోనే ఒకసారి పిండి, నీళ్ళు కలిపించి పంపేది. అన్నయ్య ఊగిపోయాడు.

"ఇంటి గుట్టు వీధిలో పంచుతావా?"

"గుట్టు కాదు బావగారూ, పిండి. తీసేకొద్దీ పెరుగుతుంది" అంది. ఈ సమాధానం ఆవిరి దగ్గర తయారైందే అయి ఉండాలి. ఈ ఒక్కటైనా మర్చిపోకుండా అనేసింది.

పోయేముందు, షాపు పిండిలోంచి కాస్త తీసి విడిగా పెంచిన ఇంకో సీసా నాకు అప్పజెప్పింది. "అడగడానికి వచ్చినవాళ్ళకి ఇవ్వండి. అడిగిరమ్మని పంపినవాళ్ళకి ఇవ్వకండి" అంది.

ఆమె పోయాక అన్నయ్య దుఃఖం ఊరంతా చూసింది. షాపు మూశాడు. షట్టరు మీద ఆమె ఫొటో అతికించాడు. బతికుండగా ఆ షాపులో ఆమె ఫొటో లేదు. అన్ని రోజులు మూసి ఉంచితే లోపల సీసాలో పిండికి ఎవరు పెడతారని ఆ ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. తలుపు తీసేసరికి పైన గులాబిరంగు చారలు కట్టి కుళ్ళిపోయింది. ఆమె కోసం షాపు మూసి, ఆమె పెంచినదాన్ని ఆకలితో చంపారు. ఇంకెవరూ చెయ్యరు ఇలాంటి పని.

తర్వాత, నేను వేరుగా ఉంటున్న ఇంటికి మా అన్నయ్య కోడలు వచ్చింది. కొత్తగా పెళ్ళై వచ్చిన పిల్ల. చేతిలో మూతగిన్నె.

"చిన్నమామయ్యా, చిన్నత్తయ్య పిండి మీ దగ్గర ఉందట కదా. ఒక గరిటెడు తీసుకురమ్మన్నారు."

"ఎవరు?"

"మామయ్యగారు."

"పెనం దగ్గర నిలబడేది ఎవరు?"

"నేనే. కాస్త చేతిసాయం చెయ్యమన్నారు."

నేను గిన్నె తీసుకోలేదు. కుర్చీ చూపించాను. కూర్చోలేదు. అప్పుడు నా భార్య చెప్పి వెళ్ళిన మాట చెప్పాను, నిచ్చెన సంగతి చెప్పాను, ఆవిరి సంగతి చెప్పాను. నేను అంతసేపు మాట్లాడటం నాకే కొత్త. పిల్ల గిన్నె మూత తీస్తూ పెడుతూ విన్నది.

"నాకు కావాలి మామయ్యా" అంది చివరికి. "షాపుకి కాదు. నాకు."

సీసా దించాను. ఆ పిల్ల చేత్తోనే కలిపించాను. తీసేసిన పిండితో నా పొయ్యి మీద పాన్‌కేకులు వేసింది. మొదటిది అంటుకుని చిరిగింది. రెండోది చిల్లులు పూడకుండా నిలిచేదాకా ఆగి తిప్పింది. పళ్ళెంలో పెట్టి నాకివ్వబోయి, ఆగి, తనే తినేసింది. వేడివేడిగా, నిలబడే, ఊదుకుంటూ. నా భార్య అంత కాలంలో ఒక్కటైనా వేడిది తినగా నేను చూడలేదు. చిరిగినవి, చల్లారినవి ఆమె వాటా.

"ఇంట్లో ఏమని చెప్తావ్?"

"పిండి చచ్చిపోయిందని చెప్తాను."

"అబద్ధం కదమ్మా?"

"షాపు వరకూ నిజమే కదా మామయ్యా!"

తన వాటా పిండి ఉన్న గిన్నె మా ఇంట్లోనే వదిలి వెళ్ళింది, సీసా పక్కన. దానికి పెట్టడానికి తనే వస్తానంది. వస్తోంది. కుర్చీలో కూర్చోవడం కూడా వచ్చింది.

మొన్న అన్నయ్య వచ్చాడు. మళ్ళీ ఈస్టు కొంటున్నాడట, జనం ఎదురు హోటల్‌కి పోతున్నారట.

"ఒరేయ్, నిజంగానే చచ్చిందా ఆ పిండి? ఇంట్లో పుల్లటి వాసనొస్తోందే?"

నేను లేచి తలుపు తీసి పట్టుకున్నాను. ఆమె పేరు గానీ, ఆమె పిండి పేరు గానీ ఈ గడపలో నీ నోట మళ్ళీ రాకూడదన్నాను. వెళ్ళాడు.

చెప్పాల్సింది ఇంతే. దీని గురించి ఇక నన్నెవరూ అడగొద్దు. అడిగినా నేను పలకను.