మోకాలి లోతు పైపు

తెలిసి చేసిన పాపం వేరు, తెలియక చేసిన పాపం వేరు అంటారు పెద్దలు. మరి తెలుసుకోకుండా జాగ్రత్తపడి చేసిన పాపాన్ని దేవుడు ఏ లెక్కలో వేస్తాడు? పద్నాలుగేళ్ళుగా రోజూ పొద్దున్నే స్నానం చేసి, దండం పెట్టుకుని, ఈ ఒక్క ప్రశ్న మాత్రం అడక్కుండా ప్లంబింగ్ పనికి వెళ్ళిపోయేవాణ్ణి. అడిగితే చెప్పేస్తాడేమోనని భయం.

మా పేట వెనక ఒక వాగు ఉంది. పేటలో పది ఇళ్ళున్న రోజుల్లో అందులో చేపపిల్లలు కనబడేవి. పది రెండొందలయ్యాయి. వాటి వెనక ఎనిమిది అంతస్తుల భవనం లేచింది. మట్టి కనబడిన చోటల్లా సిమెంటు పోశారు. ఇప్పుడు వాన పడితే చాలు, రోడ్డు మీది నూనె, చెత్త, కుక్కల పుణ్యకార్యాలు అన్నీ కడుక్కుని నీళ్ళు ఒక్క ఉదుటున వాగులో దూకుతాయి. వాన లేని రోజుల్లో నురగ. దానిది మా ఇంటి సబ్బు వాసనే అని నా ముక్కు చెప్పేది. ముక్కుకేం తెలుసని కసిరేవాణ్ణి.

ఆ గట్టు మీదే మా అక్క నర్సరీ. బావ పోయాక ఆ మొక్కలే ఆమెకు తిండి పెడుతున్నాయి. వాగునీళ్ళే తోడి పోస్తుంది. ఈ ఏడాది సగం నారు మాడిపోయింది. అది చాలదన్నట్టు మున్సిపాలిటీ నుంచి ఒక కాగితం వచ్చింది. ఇది వాగు కాదు, మురుగుకాలువ. నెలలోగా మురుగు ఎక్కడిదో తేలకపోతే పైన స్లాబు వేసి రోడ్డు చేస్తాం, గట్టు ఖాళీ చేయండి అని.

"ఇంకా చావలేదు మొర్రో అంటున్నా వినకుండా పాతిపెడతారట!" అంది అక్క.

మురుగు జాడ తీయడానికి నీళ్ళ పరీక్షలు చేసే అమ్మాయి ఒకామె వచ్చింది. చేతిలో ఆకుపచ్చ రంగుపొడి డబ్బా. మా వీధుల కింద రెండు పైపులున్నాయి. మురుగుది ఛాతీ లోతులో ఉంటుంది, ఊరవతల శుద్ధి చేసే చోటికి పోతుంది. వాననీళ్ళది మోకాలి లోతులో ఉంటుంది, తిన్నగా వాగులో పడుతుంది. ఒక్కో ఇంటి మరుగుదొడ్డిలో రంగు పోసి నీళ్ళు వదలాలి. వాగు పచ్చబడితే ఆ ఇంటి మురుగు వాననీళ్ళ పైపులో కలిసినట్టు.

పేటలో పైపుల సంగతి తెలిసినవాణ్ణి నేనే కాబట్టి తోడు రమ్మంది. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది.

ముందుగా ఆమెను ఎనిమిది అంతస్తుల భవనానికే తీసుకెళ్ళాను. నలభై మరుగుదొడ్లు, నలభైసార్లు నీళ్ళు. వాగు దగ్గర కాపలా ఉన్న అక్క ఫోనులో ప్రతిసారీ నిట్టూర్చేది. "ఏం లేదురా. వాళ్ళది వాళ్ళ దారినే పోతోంది." తర్వాత రెండు రోజులు నేను చెయ్యి పెట్టని ఇళ్ళకే ఏరి తిప్పాను. అన్నీ కడిగిన ముత్యాల్లా శుభ్రం.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆ అమ్మాయీ నేనూ మంచినీళ్ళకు మా ఇంటి దగ్గర ఆగితే, అక్క అక్కడికే వచ్చేసింది.

"మీ ఇంట్లో పోశారా?"

"మా ఇంట్లో ఎందుకక్కా? నేను వేసిన పైపేగా."

"అందుకే అడుగుతున్నా."

"మా మరుగుదొడ్డి గోడ అవతలే దేవుడి గది. రంగులూ అవీ పోస్తే బాగుండదు..."

"రోజూ మీరు పోసేదానికి లేని పట్టింపు రంగుకొచ్చిందా?" అని నా భార్య ఆ అమ్మాయి చేతిలోని డబ్బా లాక్కుని లోపలికి నడిచింది. అక్క వాగు దగ్గరికి పరుగెత్తింది.

పదకొండు నిమిషాలకు ఫోను మోగింది.

"ఒరేయ్! వచ్చేసిందిరా! చిలక పచ్చ! అంటే ఇన్నాళ్ళూ నా నారుకి నేను పోస్తున్నది..."

"అక్కా..."

"నోర్ముయ్."

ఇల్లు కట్టుకున్నప్పుడు పైపు కోసం కందకం నాతోపాటు రోజంతా తవ్వింది అక్కే. కూలి వద్దంది. "రోజుకి రోజు. నాకు కావలసినప్పుడు వచ్చి తవ్విపెట్టు" అంది. నేను ఇదిగో అదిగో అంటూనే ఉన్నాను. ఆ రోజు మోకాలి లోతులో ఒక పైపు తగిలింది, దాని కిందంతా బండ. "మురుగుది ఇంకా కింద ఉండాలేమోరా" అంది. "పైపు పైపే అక్కా" అని దానికే కలిపేశాను. వీధి చివర మ్యాన్‌హోల్ మూత ఎత్తి చూస్తే అది ఏ పైపో తేలిపోయేది. ఎత్తలేదు.

"ఒక్క ఇంటికి ఇంత నురగ రాదు మేస్త్రీగారూ," అంది పరీక్షల అమ్మాయి మెల్లగా.

రాదు. మా వరసలో మరో పద్దెనిమిది ఇళ్ళకు పైపులు వేసింది నేనే. "మీ ఇంట్లో వేసినట్టే వెయ్యి" అన్నారు అందరూ. అక్షరాలా అలాగే వేశాను. ఆ మాట బయటపడితే పేటలో నన్ను కుళాయి బిగించడానికి కూడా పిలవరు. పడకపోతే అక్క మొక్కల మీద రోడ్డు.

ఆ అమ్మాయిని ఒక తెల్లకాగితం అడిగి తీసుకున్నాను. పదిహేడు ఇళ్ళు రాసి ఆగితే, "పక్కింటి వాళ్ళది మర్చిపోయారు. పిల్లలకి కాస్త ఎక్కువే తినిపిస్తారు, ముందు అదే రాయండి" అంది నా భార్య.

ఆ జాబితా చూసి మున్సిపాలిటీ మరో రెండు నెలలు గడువిచ్చింది. మా ఇంటితో మొదలుపెట్టి పంతొమ్మిది చోట్ల బండ పగలగొట్టి, పైపును ఛాతీ లోతుకు దింపాను. కూలి లేదు. తిట్లకు మాత్రం లోటు రాలేదు. ఒకాయన మా తాత దాకా వెళ్ళాడు. ఆ ముసలాయన పైపు ముఖం కూడా చూసి ఎరగడు పాపం.

ఆఖరి ఇల్లు అయ్యాక ఆ అమ్మాయి వాగులో సీసా ముంచింది. "మురుగు లేదు. వానొస్తే రోడ్ల మీది నూనె మాత్రం దిగుతుంది. దానికి మీ గునపం సరిపోదు, సిమెంటు పోసినవాళ్ళే ఆలోచించాలి." స్లాబు వెయ్యరని కాగితం వచ్చింది. అక్క దాన్ని మడిచి రవికలో పెట్టుకుంది. నాతో మాత్రం మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్నే గునపం, పార భుజాన వేసుకుని నర్సరీకి వెళ్ళాను. ఎందుకొచ్చావని అడగలేదు. కొత్త నారుమడికి నాలుగు మూలలా కాలితో గీత గీసి తప్పుకుంది. తవ్వాను. సాయంత్రం నాలుగింటికి నడుము పట్టేసి గునపం దించాను.

అక్క తలెత్తి చూసింది. "పొద్దింకా ఉంది."

మళ్ళీ ఎత్తాను. మడి నాలుగో మూలకు చేరేసరికి వెలుగు తగ్గింది. అక్క వచ్చి గునపం తీసుకుంది, వాగులో కడిగి నా చేతికిచ్చింది.

"సరే, నా రోజు చెల్లింది. ఇంటికి పో."