డెబ్భై ఎనిమిదో వరుస

నేను ఒక ఫైలుని. ఆసుపత్రి హాల్లో రోగులు పేరు నమోదు చేసుకునే మిషను ఒకటి ఉంది. దాని వెనక జావా అనే కంప్యూటరు భాషలో రాసిన ప్రోగ్రాము నడుస్తుంది. దానికి తెలుగు రాదు. నిజానికి ఇంగ్లీషూ రాదు. తెర మీద ఏం చూపాలన్నా ఫైళ్లలో వెతుక్కుంటుంది. ఇంగ్లీషుకు ఒక ఫైలు, తెలుగుకు నేను. నాలో ప్రతి వరుసకూ ఎడమవైపు ఒక పేరు, కుడివైపు ఒక వాక్యం. ప్రోగ్రాము పేరు పెట్టి పిలుస్తుంది, నేను వాక్యం ఇస్తాను. పిలవకపోతే పలకను.

నన్ను తయారుచేసింది హైదరాబాదు కంపెనీలో పనిచేసే హరిణి. మొదటిరోజు తెర మీద నా అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా కనిపించాయి. సెట్టింగులో యూటీఎఫ్-8 అని, అన్ని భాషల అక్షరాలూ గుర్తుపట్టే పద్ధతి పేరు చేర్చాక తెలుగునయ్యాను. వాక్యాలు మాత్రం ఆమె డిక్షనరీ ముందు పెట్టుకుని రాసింది. నా డెబ్భై ఎనిమిదో వరుస ఇలా ఉండేది: "రక్తస్కందన నిరోధక ఔషధములు సేవించుచున్నచో వైద్యునకు తెలియజేయవలెను."

దిద్దిపెట్టడానికి సూపరింటెండెంటు కోటిలింగాన్ని పిలిపించాడు. ఆ ఆసుపత్రి రికార్డు గదిలోనే ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఊరి బడిలో పదో తరగతి దాకా చదివాడు.

"ఇదెవరికి అర్థమవుద్దమ్మా?"

"డిక్షనరీలో అలాగే ఉందండీ."

"డిక్షనరీకి ఆపరేషను చెయ్యరుగా."

కొట్టేసి తన చేత్తో రాశాడు: "గుండెకు గానీ, రక్తం పలచబడడానికి గానీ మాత్రలు వాడుతున్నారా? ఆపరేషనుకు ముందే డాక్టరుతో చెప్పండి."

ఆయన భార్య సుభద్రమ్మకు కడుపు ఆపరేషను చేసింది ఇక్కడే. ఈ మాటే అప్పుడు ఇంగ్లీషు కాగితంలో ఉంది. ఆయన సంతకం పెట్టాడు. ఆమె గుండెకు వాడే మాత్రల సంగతి ఎవరూ అడగలేదు, చెప్పాలని ఆయనకు తెలియదు. రక్తం ఆగలేదు.

"మిగతా రెండొందల వరుసలూ ఎట్టా ఉన్నా సరే. ఈ ఒక్కటీ పోనీకమ్మా" అన్నాడు హరిణితో.

పోనివ్వనంది. ఇంకో మంచిపని కూడా చేసింది. తెలుగులో ఏదైనా దొరక్కపోతే తెర ఖాళీగా ఉండకుండా, అక్కడ ఇంగ్లీషు చూపమని ప్రోగ్రాముకు చెప్పింది. జాలితో పెట్టిన నియమం అది.

రెండేళ్లు ఆయన వాక్యం తెర మీద కనిపించింది. తర్వాత హరిణి ఉద్యోగం మారింది. ఆమె చోట అఖిలేష్ వచ్చి ప్రోగ్రామును కొత్తగా మార్చాడు. వరుసల పేర్లు కొన్ని అతనికి నచ్చలేదు. ప్రోగ్రాములో మార్చాడు, ఇంగ్లీషు ఫైలులో మార్చాడు. నన్ను తెరవలేదు. డెబ్భై ఎనిమిదో వరుసను ఇప్పుడు కొత్త పేరుతో పిలుస్తారు. ఆ పేరు నాలో లేదు. ప్రోగ్రాము నా దగ్గరికి వస్తుంది, దొరకదు, వెళ్లి ఇంగ్లీషు తెచ్చుకుంటుంది. అది తప్పని ఎక్కడా నమోదు కాదు.

కొత్త ప్రోగ్రాము ప్రారంభం రోజు సూపరింటెండెంటు తెలుగు బటన్ నొక్కాడు. 'నమస్కారం' అని వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. డెబ్భై ఎనిమిదో వరుస రావలసిన ఐదో తెర దాకా ఎవరూ వెళ్లలేదు.

వెళ్లినవాడు కోటిలింగమే. హెర్నియా ఆపరేషనుకని వచ్చాడు. నాలుగు తెరలు తెలుగులో చదువుకున్నాడు. ఐదోది ఇంగ్లీషులో రాగానే ఆగిపోయాడు.

"జరుగు తాతా, అవతల డాక్టరు వెళ్లిపోతాడు" అన్నారు వెనకనుంచి.

"నా మాటేదమ్మా?" అని కౌంటరులో ఉన్న రాజ్యాన్ని అడిగాడు.

"అంతా తెలుగేగా బాబాయ్! ఒక్క ముక్క ఇంగ్లీషుంటే ఏం కొంప మునిగింది? సరే అని నొక్కెయ్."

ఆయన నొక్కలేదు. పక్కకు తప్పుకున్నాడు. వెనక ఉన్న ఆవిడ నొక్కబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"గుండెకు మాత్రలేమైనా వాడతన్నావా అమ్మా?"

"రోజూ ఒకటి మింగుతానండి. గులాబీరంగుది. ఏం?"

"లోపలికెళ్లి ముందు అది చెప్పు."

ఆవిడ చెప్పింది. డాక్టరు ఆమె ఆపరేషను వాయిదా వేశాడు.

కోటిలింగం ఫిర్యాదు రాసిచ్చాడు. కంపెనీ వెతికింది. ఎర్రర్ ఏదీ నమోదు కాలేదు కాబట్టి సమస్య లేదని జవాబిచ్చింది. ఇంకోటి రాశాడు. దానికి జవాబు రాలేదు.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే వచ్చి మిషను పక్కన నిలబడ్డాడు. ఐదో తెర వచ్చినప్పుడల్లా తన వాక్యం తనే చెప్పేవాడు. కొందరు విన్నారు. కొందరు విసుక్కున్నారు.

"జీతమేమైనా ఇస్తన్నారా బాబాయ్?" అని రాజ్యం ఎకసెక్కమాడింది.

"మీ మిషను చెప్పట్లేదు. నేను చెబుతున్నా."

పదకొండు నెలలు నిలబడ్డాడు. హెర్నియా అలాగే ఉంచుకున్నాడు. నిలబడేకొద్దీ అది ముదిరింది. ఒకరోజు ఆయన్ను స్ట్రెచర్ మీద అదే హాల్లోంచి తీసుకెళ్లారు. ఆ తర్వాత మిషను పక్కకు రాలేదు.

ఆ చోట ఇప్పుడు పూలకుండీ పెట్టారు. తెర మీద 'నమస్కారం' బాగానే వస్తోంది. ఐదో తెర దగ్గర జనం ఒక్క క్షణం చూస్తారు, సరే అని నొక్కేస్తారు. ఆయన వాక్యం నాలో డెబ్భై ఎనిమిదో వరుసలో అలాగే ఉంది. ఒక్క అక్షరం చెడలేదు. పాత పేరుతో పిలిస్తే ఇప్పుడే ఇస్తాను.