నల్లబండపల్లె పేరు

నల్లబండపల్లె పంచాయతీకి హనుమంతమ్మ సర్పంచయి ఏడాది దాటింది. పంచాయతీకి ఆ పల్లె పేరే ఉన్నా, పల్లెలో మాత్రం జనం లేరు. బావులెండిన కరువులో ఒక్కో ఇల్లూ గుట్ట దిగి ముదిగుబ్బ రోడ్డు పక్కకు చేరింది. ఆ చోటును అందరూ క్రాస్ అంటారు. పాత ఊళ్ళో కూలిన బురుజు, మొండిగోడలు, గొర్రెలు మేపే గోవిందప్ప ఇల్లు మిగిలాయి.

క్రాస్‌లో సచివాలయం కట్టాక బోర్డు మీద ఏ పేరు రాయాలన్న మాట వచ్చింది.

"గుట్ట మీది పేరు మనకెందుకప్పా? శాంతినగర్ అని తీర్మానం చేసి పైకి పంపుదాం" అన్నాడు ఉపసర్పంచ్ వీరేష్.

హనుమంతమ్మకు మనసొప్పలేదు. ఆమె కోడలిగా అడుగుపెట్టింది ఆ గుట్ట మీది ఇంట్లోనే. గోవిందప్ప కూడా వద్దంటే సభలో ఆ మాట చెప్పొచ్చని పాత ఊరికి నడిచింది.

"మామా, ఊరి పేరు మారుస్తామంటాండారు. నువ్వేమంటావు?"

గోవిందప్ప తల్లి లేని గొర్రెపిల్లకు పాలు తాపుతున్నాడు. తల ఎత్తలేదు.

"పాలేగాళ్ళ కాలంలో ఈ ఊరికి ఇంగో పేరుండె అని మా తాత చెప్తాండె. అదేందో నాకే గుర్తులేదు. పేరేదైతే ఏముందిలేమ్మా? రోజూ క్రాస్ దాకా పోయి నీళ్ళు మోసుకొస్తాండా. ఓట్లప్పుడు తప్ప ఈడికెవురొస్తారు?"

ఆమెకు తల కొట్టేసినట్టయింది. సర్పంచయ్యాక గుట్ట ఎక్కడం తనకూ ఇదే మొదలు.

గ్రామసభలో ఎప్పటిలాగే ఆమె మొగుడు నరసింహులు మాట్లాడబోయాడు.

"నువ్వు కూర్చో. నేను చెప్తా" అని ఆమె లేచింది. "పేరు మీ ఇష్టం. ముందు పాత ఊరికి పైపు ఏద్దాం."

"ఒక్క ఇంటికా?" అన్నాడు వీరేష్.

"మనమందరం వచ్చేస్తిమి కాబట్టి ఒక్కటే మిగిలుండాది. ఆయప్ప మన పంచాయతీ మనిషి కాదా?"

పైపుకు అందరూ చేతులెత్తారు. శాంతినగర్‌కూ ఎక్కువమందే ఎత్తారు. హనుమంతమ్మ ఎత్తలేదు.

పేరు సంగతి పై ఆఫీసుల్లో ఇంకా తేలలేదు. పైపు మాత్రం వానాకాలం ముందే గుట్ట ఎక్కింది. నీళ్ళొచ్చిన రోజు గోవిందప్ప ముందు తొట్టి నింపి, ఆ తర్వాత దోసిలి పట్టి తాగాడు. మొహం తుడుచుకుని, "కూర్చోమ్మా, ఎండన పడి వచ్చినావు" అంటూ హనుమంతమ్మకు చెంబుతో నీళ్ళు అందించాడు. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ తొట్టి చుట్టూ చేరాయి.