నలుగురూ కలవకూడని సంఘం

పంతొమ్మిది వందల ఎనభై రెండు వేసవిలో, నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్ దగ్గర ఒక పార్కులో తెలుగు సంఘం పిక్నిక్ జరుగుతోంది. పులిహోర వడ్డిస్తున్న ముగ్గురు ఇల్లాళ్ళు ఇంజనీరు జగదీష్ పళ్ళెంలో ఇంకో గరిటె వేస్తూ, వచ్చే ఏడు ప్రెసిడెంటు మీరేనట కదా అన్నారు. అది వేళాకోళం. నలభై ఇళ్ళ సంఘానికి అధ్యక్షుడంటే కుర్చీలు మోసేవాడని వాళ్ళకు తెలుసు. కానీ ఇంజనీరుగారు పొంగిపోయాడు.

ఇంటికి వెళ్ళేదాకా కారులో అదే మాట. భార్య విజయశ్రీ అతనికన్నా రెండాకులు ఎక్కువే చదివింది.

"ఇండియా నుంచి మినిస్టర్ వస్తే పక్కన నిలబడి ఫోటో దిగేది ఎప్పుడూ ఆయనేనా? మీకు ధైర్యం లేకపోతే చెప్పండి, ఇక ఆ ఊసే ఎత్తను" అంది.

ఆ 'ఆయన' అప్పటి అధ్యక్షుడు రాధాకృష్ణగారు. ఫోన్ డైరెక్టరీలో తెలుగు పేర్లు వెతికి, ఒక్కొక్కరికీ తానే ఫోన్ చేసి సంఘాన్ని నిలబెట్టారు. జగదీష్ కొత్తగా దిగినప్పుడు ఎయిర్‌పోర్టుకు వచ్చి, రెండు నెలలు తన ఇంట్లో అన్నం పెట్టిందీ ఆయనే. అటువంటి మనిషిని ఆదివారం భోజనానికి పిలిచి, గుత్తివంకాయ కూర వడ్డించి, జగదీష్ మెల్లగా ఒక మాట చెవిన వేశాడు. ఇక మీరు చాలించాలని అందరూ అనుకుంటున్నారు, మొహమాటపడి మీతో అనలేకపోతున్నారు అని. పెద్దాయన ఎవరినీ అడగకుండా తప్పుకున్నారు. మిగతావాళ్ళకు జగదీష్ ఫోన్‌లో చెప్పింది వేరు. ఆయనకు గుండె జబ్బు, డాక్టర్ రెస్ట్ తీసుకోమన్నాడు, ఫోన్ చేసి విసిగించకండి అన్నాడు. కుర్చీ దక్కింది. ఈ కాలపు ఘనులకు కత్తి పట్టే శ్రమ కూడా లేదు, టెలిఫోను చాలు.

అయితే, చదువరులారా, చిక్కు అక్కడే మొదలైంది. రాధాకృష్ణగారు ఎవరికైనా ఎదురుపడి పది నిమిషాలు మాట్లాడితే రెండబద్ధాలూ బయటపడతాయి. అందుకని కొత్త అధ్యక్షుడు పిక్నిక్ మాన్పించాడు. దీపావళికి హాలు దొరకలేదన్నాడు. పాత స్నేహితుడు రామమోహన్ అనుమానంతో రెండు ప్రశ్నలు అడిగేసరికి అతని పేరు కమిటీలోంచి కొట్టేశాడు. నలుగురినీ కలపడానికి పుట్టిన సంఘంలో, నలుగురూ కలవకుండా కాపలా కాయడమే అధ్యక్షుడి ఉద్యోగమైంది. ఇంట్లో ఫోన్ మోగితే విజయశ్రీ ఉలిక్కిపడేది. ఇంత బతుకూ ఒక ఫోటో కోసం.

ఫిబ్రవరిలో రాధారాణి అనే అమ్మాయి సంఘం నంబరు చూసి జగదీష్‌కు ఫోన్ చేసింది. ఆ దేశం వచ్చి మూడు నెలలే, ఎవరినీ ఎరగదు. భర్త శ్యామ్‌సుందర్ కారు మంచు మీద జారి చెట్టుకు గుద్దుకుంది, ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు, ఎవరినైనా పంపండి అని ఏడ్చింది. జగదీష్ అలాగేనమ్మా అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆలోచించాడు. కబురు చేస్తే నలభై ఇళ్ళవాళ్ళూ వస్తారు, రాధాకృష్ణగారూ వస్తారు. అంతే, ఎవరికీ చెప్పలేదు. తానూ వెళ్ళలేదు. మర్నాడు ఆమె మళ్ళీ చేస్తే విజయశ్రీ ఫోన్ ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నమే భర్త పోయాడు. పరాయి దేశంలో, పక్కన తెలుగు మాట వినిపించకుండా, ఆ పిల్ల ఒక్కతే కాగితాల మీద సంతకాలు చేసింది. చూడలేక ఒక నర్సు ఇండియన్ పేర్లు వెతికి ఫోన్లు చేస్తే, మూడోది రాధాకృష్ణగారికి తగిలింది. గంటలో ఆయన వచ్చారు. ఆయన పిలిస్తే అందరూ వచ్చారు. మీ గుండె ఎలా ఉందండీ అని రామమోహన్ అడిగాడు. నా గుండెకేమైంది, నన్ను వద్దన్నది మీరే కదా అని ఆయన విస్తుపోయారు. మరో ప్రశ్న అవసరం లేకపోయింది.

అప్పుడు వచ్చాడు జగదీష్, కబురు తెలిసి, కోటు తొడుక్కుని, చేతిలో పూలగుత్తితో. ఎవరూ జరిగి చోటివ్వలేదు. రాధారాణి తలెత్తింది.

"అన్నయ్యగారూ, మీరు ప్రెసిడెంటనే కదా మీకు ఫోన్ చేశాను" అంది.

రాధాకృష్ణగారు పూలగుత్తి అందుకుని పక్కన పెట్టారు.

"పదవి కోరుకోవడం తప్పు కాదు జగదీష్. పిలిస్తే పలకడానికే పదవి. ఈ అమ్మాయి రెండుసార్లు పిలిచింది. నీకు కుర్చీ అడ్డొచ్చింది" అన్నారు.