కడిగిన ఫ్రేములు

ఇంత తేలికేమిటి ఈ మూత, టీవీ కొన్నప్పుడు అట్టపెట్టెలో వచ్చే థర్మోకోల్ ముక్కకీ దీనికీ తేడా ఏముంది, గట్టిగా తుమ్మానంటే నీ తేనెటీగలు పక్కింటివాళ్లవైపోతాయే అని మొదటిరోజే నవ్వాడు ఆమె భర్త, నవ్వినవాడే వెళ్లి ఇటుక తెచ్చి మూత మీద పెట్టాడు, ఆ ఇటుకని ఇప్పుడు ఎడమచేత్తో దించి గోడవార పెట్టింది ఆమె, ఆపరేషన్ అయ్యాక కుడిచెయ్యి భుజం దాటి లేవదు, చెక్కపెట్టెలు ఎత్తలేదు కాబట్టే ఈ థర్మోకోల్ పెట్టె, ప్లాస్టిక్ ఫ్రేములు, ఇకమీదట ఏమీ మోయకండి అని డాక్టరు, చేసింది చాల్లే అక్కా కుర్చీలో కూర్చో అని చెల్లెలు, ఉద్యోగం అయిపోయింది, వంటగది కోడలు తీసుకుంది, మిగిలింది ఈ పెట్టె ఒక్కటే, ఇదీ ఇవాళ పోయేట్టుంది.

ఈగలు ఆమెవి కావు, పెంపకం నేర్పే మాస్టారివి, ఈగల్ని శాంతపరిచే పొగడబ్బా చంకలో లేకుండా బజారుకైనా వెళ్లడని వీధంతా పొగమాస్టారనే పిలుస్తుంది, ఆయనే అన్నాడు, ఫ్రేముల మీద తేనెపట్టు కట్టకపోతే రాణి గుడ్లెక్కడ పెడుతుందమ్మా, గుంపు నిలవదు, ఆదివారం వచ్చి చూస్తా, కట్టకపోతే నా చెక్కపెట్టెలోకి తీసుకుపోతా, ఏమీ అనుకోవద్దు, అనుకోను మాస్టారూ అంది కానీ అనుకుంది, వారమంతా అనుకుంటూనే ఉంది, ఇవాళ ఆదివారం.

ముఖం మీది వల సర్దుకుని మూత తిప్పి చూస్తే, మూతకే కట్టాయి, చక్కెర పానకం గిన్నె కోసం వదిలిన ఖాళీలో, అరచెయ్యంత పట్టు, వంకరగా, తెల్లగా, ఓసి మీ దుంపతెగా, కట్టడం చేతకాక కాదన్నమాట, కింద పది ఫ్రేములు వరసగా పెట్టి పిలిస్తే ఇక్కడ వేలాడతారా, ఒక ఫ్రేము పైకి తీసింది, ఈగలు దాని మీద నడిచిపోతున్నాయి, ఆగడం లేదు, ఆసుపత్రి వరండాలో నడిచే జనంలా, అక్కడ మాత్రం ఎవరు ఆగుతారు, వేలితో రుద్దింది, కిర్రుమంది ప్లాస్టిక్, బాగా తోమిన కంచం కిర్రుమన్నట్టు, ఆ చప్పుడు ఆమెకి తెలుసు, ఆపరేషన్ గదిలో వాడిన కత్తెరలూ ట్రేలూ కడిగే పనిలో ఉద్యోగమంతా గడిచింది, కిర్రుమనేదాకా వదలొద్దు అని కొత్తగా చేరినవాళ్లకి ఆమే చెప్పేది.

ఫ్రేములు వచ్చినరోజు కిర్రుమనలేదు కదూ, వేళ్లకి జిడ్డు తగిలింది, పైన మసకగా ఏదో పొర, ఫ్యాక్టరీ మురికి అనుకుంది, మరిగే నీళ్లు, సబ్బు, బ్రష్షు, ఒక్కో గడీ రుద్ది బట్టల తీగ మీద ఆరేసింది, నాకెప్పుడైనా ఇలా నలుగు పెట్టావుటే అని కిటికీలోంచి ఆయన, మీరు ఫ్రేములో పట్టరు లెండి అని తను, నవ్వులో పడి వాసన పట్టించుకోలేదు, ఇప్పుడు వల పైకెత్తి మూతకి కట్టిన పట్టు దగ్గర ముక్కు పెట్టింది, ఒక ఈగ చెంప మీద కుట్టింది, కుట్టనీ, ఇదే వాసన, ఆరోజు తొట్టిలో నీళ్ల మీద తేలిన తెట్టుదీ ఇదే వాసన, అది మురికి కాదు, మైనం, ఈగలు వాలడానికి పూసి పంపిన మైనం.

గేటు చప్పుడైంది, మాస్టారు, చేతిలో ఖాళీ చెక్కపెట్టె, ఏమ్మా కట్టాయా అని అక్కణ్నుంచే అరుపు, కట్టలేదు మాస్టారూ, నేనే కట్టనివ్వలేదు, ఫ్రేముల్ని సబ్బుతో కడిగేశాను, కడిగావా, మైనాన్నా, ఆయన పెట్టె కింద పెట్టి దాని మీదే కూర్చుండిపోయాడు, నా సర్వీసులో అన్నీ చూశానమ్మా, ఈగలకి ఇల్లు కడిగిపెట్టినవాళ్లని చూడలేదు, నవ్వండి, నవ్వడం అయ్యాక ఆ పెట్టె తీసుకుని ఇంటికెళ్లండి, ఈగలు ఇక్కడే ఉంటాయి అంది, చెంప వాస్తోంది, కత్తిని థర్మోకోల్‌కి దిగకుండా ఆనించి పట్టుని మెల్లిగా ఊడదీస్తోంది ఆమె, గిన్నెలో కరిగించాలి, బ్రష్షుతో ఫ్రేములకి పూయాలి, బ్రష్షు ఎత్తడానికి ఎడమచెయ్యి చాలు, ఇన్నాళ్లూ ఏ వస్తువు మీదా ఎవరి జాడా మిగలకుండా చూడటమే తన పని, ఎవరి జాడా లేని చోట ఏ ప్రాణీ కాపురం పెట్టదు.