సిమెంటు గోదావరి

హిమాలయాల మీద రాలిన మామిడాకులన్నీ ఊడ్చి, మల్లయ్య చీపురుతో నేపాలు మీదుగా కిందికి దిగాడు. బీహారులో పిట్టలు రెట్టలు వేశాయి. గోటితో గీకి తడిగుడ్డతో తుడిచాడు. బెంగాలులో రాత్రి కుక్క పడుకున్నట్టుంది, బొచ్చు రాలి ఉంది. దేశం మొత్తం శుభ్రమయ్యేసరికి ఎనిమిదయింది.

ఈ దేశం విస్తీర్ణం అరెకరం. నూజివీడు నుంచి చాట్రాయి వెళ్ళే దారిలో, నారాయణరావుగారి తోటలో, కాపుమీదున్న చిన్నరసాల చెట్లు ఇరవై ఆరు కొట్టించి వాళ్ళబ్బాయి ఫణి ఈ దేశపటాన్ని సిమెంటుతో పోయించాడు. చూడవచ్చినవాళ్ళు కొండలెక్కి, ఎడారి దాటి, నీలంరంగు వేసిన సముద్రం ఒడ్డున ఫోటోలు దిగి, చివర్న చెట్ల కింద కూర్చుని రసాలు జుర్రుకుని వెళ్తారు. నదుల్లో నిజం నీళ్ళు పారతాయి. దేశం మీద నీడ మాత్రం మచ్చుకైనా ఉండదు. నీడనిచ్చేవాటిని నరికాకే కదా దేశం లేచింది!

మల్లయ్య ముప్పై ఏళ్ళుగా ఆ తోటకు కాపలా మనిషి. పొట్టివాడు, మెడ కాస్త ముందుకు వంగి ఉంటుంది. ముంజేతుల నిండా మామిడి సొన కాల్చిన నల్లమచ్చలు. మైలవరం దాటి పడమరకు గాని, ఉంగుటూరు దాటి దక్షిణానికి గాని వెళ్ళి ఎరగడు. అయినా కాశ్మీరులో బీట ఎక్కడుందో, రాజస్థానులో చీమలు ఏ మూల నుంచి వస్తాయో అడిగితే కళ్ళు మూసుకుని చెప్పగలడు.

దేశం మీద పని మొదలుపెట్టిన రోజునే అతను చెప్పులు గట్టు మీద విడిచాడు. "కాశీ ఉన్న నేలండి బాబూ, చెప్పుల కాళ్ళతో తొక్కుతామా?" అన్నాడు. ఫణి నవ్వాడు. నవ్వి ఊరుకుంటే బాగుండేది. ఆ మాట గైడు ప్రసన్నకు చెప్పాడు, ఆ అమ్మాయి మైకులో చెప్పింది, బూట్లు వేసుకున్న జనం 'అబ్బ, ఎంత భక్తి!' అని మల్లయ్య పాదాలకు వీడియోలు తీసుకున్నారు. ఆ రోజు నుంచి ఆ భక్తి మల్లయ్యది కాకుండా పోయింది.

ఇప్పుడు రోహిణీ కార్తె. అరికాళ్ళు బొబ్బలెక్కి, పగిలి, మళ్ళీ ఎక్కాయి. పదకొండింటికి కరెంటు పోయి, నదులకు నీళ్ళు తోడే మోటారు ఆగింది. ఒంటిగంటకు బస్సు ఉంది. మల్లయ్య తోట ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"బాబూ, ఈ ఒక్కరోజుకీ చెప్పులేసుకుంటానండి. కాళ్ళు ఆనట్లేదండి."

ఫణి చెడ్డవాడేం కాదు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. "వాళ్ళు అడిగేదే దాని గురించి మల్లయ్యా. ఈ ఒక్క బస్సూ కానియ్. గోదావరి ఎండకుండా చూసుకో. నాగరాజు సంగతి తెలుసుగా" అన్నాడు.

తెలుసు. పోయిన నెల బస్సు దిగేసరికి గోదావరి ఎండిపోయి కనిపించింది. నీళ్ళు చూసే నాగరాజు సాయంత్రానికల్లా పెళ్ళాంతో, మూటలతో తోటలో గుడిసె ఖాళీ చేశాడు. మల్లయ్యదీ తోటలో గుడిసే. మోకాళ్ళ నొప్పుల సీతమ్మను వెంటబెట్టుకుని ఎక్కడికని పోతాడు?

"అట్టాగేనండి" అన్నాడు.

తొట్టి దగ్గర బిందె ముంచడం, నాసిక్ దాకా మోయడం, కుమ్మరించడం. భద్రాచలం దగ్గర బీట ఉంది. పోసిన నీళ్ళలో సగం అదే తాగేస్తుంది. గంగ కూడా బీటలిచ్చింది గాని దాన్ని దాటి కాలు వేయడానికి ఇప్పటికీ మనసొప్పక, బిందెతో చుట్టూ తిరిగి వచ్చాడు. పన్నెండున్నరకు చెమట పట్టడం ఆగిపోయింది. హమ్మయ్య, చల్లబడ్డాను అనుకున్నాడు పిచ్చివాడు.

బస్సు వచ్చింది. టోపీలు, గొడుగులు దిగాయి. "మనం ఇక్కడున్నామండీ. ఇటు ఎర్రనేల మెట్ట, మామిడి. అటు నల్లనేల డెల్టా, వరి" అంటోంది ప్రసన్న. మల్లయ్య ఆఖరి బిందె కుమ్మరించి, నీటి కొన వెంటే నడిచాడు. అది బీట దాటింది. రాజమండ్రి దాటింది. సముద్రంలో పడింది. గుడిసె దక్కింది, అనుకున్నాడు. అంత సంతోషం ఈమధ్య కాలంలో అతనికి కలగలేదు. అక్కడే మోకాళ్ళ మీద కూలబడి, నుదురు సిమెంటుకు ఆనించాడు.

"చూశారా, ఈయన నేలతల్లికి ఇలా దండం పెట్టుకుంటారు. చెప్పులు కూడా వేసుకోరు" అంది మైకు. ఫోన్లన్నీ లేచాయి. ఒకావిడ తనూ పక్కన మోకరిల్లి ఫోటోకు చేతులు ఆనించి, "అమ్మో, ఎంత కాలుతోందో!" అంటూ ఎగిరి లేచింది. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఆవిడ మల్లయ్య వైపు చూసింది. అతను నుదురు తియ్యలేదు.

ప్రసన్న భుజం పట్టుకుని కదిపితే పక్కకు ఒరిగాడు. ఆటోలో వేస్తుంటే డ్రైవరు ముఖం చూసి, "అయిపోయిందండి" అన్నాడు నెమ్మదిగా. "నువ్వు ముందు ఆస్పత్రికి పోనీ" అన్నాడు ఫణి. జనాన్ని రసాలు తినడానికి చెట్ల కిందికి తీసుకెళ్ళారు.

సీతమ్మ అన్నం క్యారియరు పట్టుకుని, కుంటుకుంటూ అప్పుడొచ్చింది. ఫణి ఎదురెళ్ళాడు.

"మల్లయ్యకి కాస్త ఎండ తగిలింది సీతమ్మా, ఆస్పత్రికి పంపాను. నీకూ ఆటో చెప్పాను, వస్తోంది." గోదావరి వైపు చూశాడు. అప్పటికే అడుగు తేలింది. "మూడింటికి ఇంకో బస్సుంది. ఆటో వచ్చేలోపు నాలుగు బిందెలు పోస్తావా?"

ఆమె గేటు వైపు చూసింది, బిందె వైపు చూసింది.

"పోస్తానండి. ఎండిందని ఆయన్నేం అనమాకండి బాబూ. లేచొచ్చి ఆయనే చూసుకుంటాడు."

ఎవరూ చెప్పకుండానే చెప్పులు విడిచింది. క్యారియరు పెట్టడానికి చోటు వెతికి, నీలంరంగు మధ్య దిబ్బలా ఉన్న శ్రీలంక మీద పెట్టింది. నాలుగన్నాడు గాని ఆరు బిందెలు పోసింది. ఆటో హారను వినపడగానే బిందె వదిలేసి వట్టికాళ్ళతో పరుగెత్తింది.

మూడింటి బస్సు దిగేసరికి గోదావరి సముద్రం దాకా పారుతోంది. శ్రీలంక మీద రెండు గిన్నెల స్టీలు క్యారియరు ఎండకు మెరుస్తోంది, బిగించిన మూత బిగించినట్టే.