పలక తుడిచిన పుణ్యం

నేను నోరు తెరిచి నా తప్పు ఒప్పుకోవడం మా ఇంట్లో ఎవరూ ఎరగరు. ఇది గొప్పకు చెప్పడం లేదు, వృత్తి అలాంటిది. మా దేశంలో పదకొండేళ్లు సొంతంగా కుట్టు దుకాణం నడిపాను. చొక్కా బిగుతైందని ఎవరైనా వస్తే, "నాలుగు ఉతుకులు పడనివ్వండి, అదే సాగుతుంది" అనేదాన్ని. వదులైందని వస్తే, "నాలుగు ఉతుకులు పడనివ్వండి, అదే దగ్గరపడుతుంది" అనేదాన్ని. ఒకసారి ఇద్దరూ ఒకే సమయానికి వచ్చారు. ఆ రోజు ఇద్దరికీ టీ తెప్పించి వాతావరణం గురించి మాట్లాడాను.

మా ఆయనకు ఈ దేశంలో బస్సు నడిపే ఉద్యోగం దొరకడంతో దుకాణం మూసేసి వెంట వచ్చాను. ఇక్కడ అన్నీ తిరకాసే. మా దేశంలో పక్కింటికి వెళ్లాలంటే చెప్పులేసుకుంటే చాలు. ఇక్కడ కింది వాటాలో ఉండే ఆవిడ తలుపు ఊరికే, కబుర్లకని తట్టాను. ఆవిడ గుండె మీద చెయ్యేసుకుని, "ఏమైంది? ఎవరికేమైంది?" అంది. ఏమీ కాలేదని నమ్మించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. చివరికి ఆవిడ క్యాలెండరు తెచ్చి, వచ్చే శనివారం నాలుగింటికి రమ్మంది. వెళ్లాను. మనిషి బంగారం. కానీ నాలుగున్నరకి నన్ను గుమ్మం దాకా సాగనంపేసింది.

మొదటి ఏడాది ఒక గోదాములో అట్టపెట్టెలకు టేపు అంటించాను. కత్తెర పట్టిన చేతికి టేపు! రోజూ ఇంటికొచ్చి మా ఆయన మీద అరిచేదాన్ని. పాపం, ఎదురుగా ఉండటం తప్ప ఆయన చేసిందేమీ లేదు. అలాంటి సమయంలో ఒక కుట్టుపని కార్ఖానాలో మనిషి కావాలని తెలిసింది. మూడు నెలలు చూస్తారు, నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే దండం పెట్టి పంపేస్తారు. నేను చేరాను. మళ్లీ కుట్టుమిషను ముందు కూర్చున్న రోజు, నిజం చెప్తున్నాను, ఏడుపొచ్చింది. ఈ పని పోతే మళ్లీ ఆ టేపే గతి అని ప్రతి ఉదయం నాకు నేనే చెప్పుకునేదాన్ని.

కార్ఖానాలో నలుగురం. యజమానురాలికి రెండు కళ్లజోళ్లు, ఒకటి ముక్కు మీద, ఒకటి నెత్తి మీద. నెత్తిమీదది ఎందుకో ఎప్పుడూ వెతుక్కుంటూ ఉంటుంది. గుడ్డ కత్తిరించే పిల్ల రోజంతా ఈల వేస్తూనే ఉంటుంది కాబట్టి ఈలపిల్ల అని పేరు పెట్టాను. నన్ను అక్కా అని పిలవడం నేర్పించాను. ఇక అట్టలు చేసే పెద్దాయన. గుడ్డ మీద పెట్టి గీసుకోవడానికి కోటుకి, చొక్కాకి, ప్రతి ముక్కకీ అట్ట కావాలి కదా, అవి చేయడంలో ఆయనకు నలభై ఏళ్ల అనుభవం. ఈ దేశంలో తాతనైనా పేరు పెట్టి పిలుస్తారు. నాకు నోరు రాలేదు. బాబాయిగారూ అన్నాను. అదేమిటని అడిగాడు. నాన్నకి తమ్ముడు అని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "మా అన్నకి పిల్లలు లేరు, సరే" అన్నాడు.

అంతా బాగానే ఉంది, ఆ నల్ల పలక ఒక్కటి తప్ప.

తలుపు పక్కన, గడియారం కింద, నిలువెత్తు పలక. ఎవరి తప్పు వాళ్లు దాని మీద సుద్దముక్కతో రాసి, కింద పేరు పెట్టాలి. 'బొత్తాల కాజాలు తలకిందులు చేశాను, ఈలపిల్ల.' 'నీలం దారం బదులు నలుపు తెచ్చాను, యజమానురాలు.' వచ్చే పోయే వాళ్లందరూ చదువుకునేలా! ఇదేం దిక్కుమాలిన శిక్ష అనుకున్నాను. మా దేశంలో బడిలో పిల్లల్ని బల్లెక్కించేవాళ్లు, అంతే. నెరిసిన తలలకి కూడా ఈ అవమానం ఏమిటి?

నేను మాత్రం ఒక్క అక్షరం రాయలేదు. అంటే తప్పులు చేయలేదని కాదు. ఒక కోటుకి కాలరు తిరగేసి కుట్టాను. భోజనాల వేళ దాన్ని సంచిలో పెట్టుకుని బాత్రూములోకి పోయి, కుట్టు విప్పి, చేత్తో మళ్లీ కుట్టి తెచ్చాను. అన్నం తినలేదు, ఆకలికి కళ్లు తిరిగాయి. పరువు మాత్రం దక్కింది. శుక్రవారం సాయంత్రం యజమానురాలు పలక చదివి నావైపు తిరిగేది.

"నీదేమీ లేదా?"

"ఏమీ లేదండీ."

"ఊఁ" అనేది. నా పనితనానికి మురిసిపోతోందని నేను అనుకునేదాన్ని.

మూడు నెలలు ముగియడానికి ఇంకా నాలుగు రోజులున్నాయనగా, గురువారం నాడు, నేను ఆ ఘనకార్యం చేశాను.

ఒక బ్యాండు వాళ్లకి పన్నెండు ఎర్ర కోట్లు కుడుతున్నాం. ఆదివారం వాళ్ల కచేరీ. సరిగ్గా ఐదింటికి, అందరూ లేచే వేళకి, బాబాయిగారు పలక దగ్గరికి వెళ్లి ఏదో రాశాడు. మర్నాడు పన్ను పీకించుకోవాలని సెలవు పెట్టాడు, దవడ పట్టుకుని వెళ్లిపోయాడు. నేను వెనక మిగిలాను. ఈ దేశపు అక్షరాలు నాకు కూడబలుక్కుంటే గానీ రావు. 'నేను మరిచాను' అన్నంతవరకు చదివాను. కింద ఆయన పేరు చూశాను. పొద్దున్నే బ్యాండు నాయకుడు కోటు చూసుకోవడానికి వస్తాడు, ఈ పెద్దమనిషి తప్పు గోడకెక్కి అతనికి ఎదురుగా కనబడాలా? అటూ ఇటూ చూశాను. తడిగుడ్డ తెచ్చి శుభ్రంగా తుడిచేశాను. చుక్క తెల్లదనం కూడా మిగల్చలేదు. పుణ్యం మూటకట్టుకున్నానన్న ఆనందంతో ఆ సాయంత్రం మా ఆయనకు ఇష్టమైనవన్నీ వండాను. ఆయన అనుమానంగా తిన్నాడు.

శుక్రవారం ఉదయం బ్యాండు నాయకుడు వచ్చాడు, ఖాళీ పలక ముందు నిలబడి ఇంకా చేతులు అతకని కోటు తొడుక్కుని చూసుకున్నాడు, వెళ్లాడు. నాకు గర్వంగా ఉంది. ఈలపిల్ల అట్టలు పెట్టి పన్నెండు కోట్ల చేతులూ చకచకా కత్తిరించేసింది. మధ్యాహ్నం నేను మొదటి ఎడమ చెయ్యి మిషను మీద పెట్టాను. భుజానికి అందలేదు. రెండోది తీశాను. అందలేదు. పన్నెండూ అంతే. కుట్టు కోసం వదలాల్సిన వేలెడు గుడ్డ ఒక్క ఎడమ చేతికీ లేదు. ఆ ఎరుపు గుడ్డ తానులో మిగిలింది జేబురుమాలంత.

ఈల ఆగిపోయింది. యజమానురాలు రెండు కళ్లజోళ్లూ తీసి బల్ల మీద పెట్టింది. ఆమెను అలా ఎప్పుడూ చూడలేదు.

"కత్తిరించే ముందు పలక చూశావా?" అని అడిగింది ఈలపిల్లని.

"చూశానండీ. ఖాళీగా ఉంది."

బాబాయిగారికి ఫోను చేసి, అందరికీ వినిపించేలా పెట్టింది. నోట్లో దూది కుక్కుకున్నాడేమో, మాట ముద్దముద్దగా వచ్చింది. "రాశాను. నేను మరిచాను, ఎడమ చేతి అట్టలో కుట్టుకి గుడ్డ వదల్లేదు, వేలెడు కలుపుకుని కత్తిరించండి అని రాశాను. పెద్ద అక్షరాలతో రాశాను."

"పలక మీద ఏమీ లేదు" అంది యజమానురాలు.

ఆయన మెల్లగా, "అయితే రాశానని అనుకున్నానేమో. పెద్దవాణ్ని అయిపోతున్నాను" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. అది శిక్ష కాదు, తర్వాత చేసేవాళ్లకి హెచ్చరిక! పొద్దున్నే అందరూ దాని ముందు నిలబడి చదివి పనిలోకి దిగేది అందుకు. మూడు నెలలుగా చూస్తున్నాను, బుర్రకి ఎక్కితేగా! ఈలపిల్ల కళ్లలో నీళ్లు. తాను చూడకుండా కత్తిరించానేమోనని దానికే అనుమానం వచ్చేసింది. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. నోరు మూసుకుంటే సోమవారం నాకు పని ఖాయమవుతుంది. మాట బయటపెడితే టేపు. నా తప్పు నేను ఎప్పుడైనా చెప్పుకున్నానా? ఉతికితే సాగుతుంది అనడం ఒకటే తెలుసు. ఈ చేతులు ఎన్ని ఉతుకులు వేసినా సాగవు.

అవతల ఆ పెద్దాయన తన జ్ఞాపకశక్తినే అనుమానించుకుంటున్నాడు. పరువు కాపాడబోయి అసలు పరువే తీసిపెట్టాను కదా. ఛీ, నా బతుకు!

లేచాను. పలక దగ్గరికి వెళ్లి సుద్దముక్క తీసుకున్నాను. ఒక్కో అక్షరం గుర్తు తెచ్చుకుంటూ, వంకరటింకరగా రాశాను. 'నిన్న బాబాయిగారు రాసింది నేను తుడిచాను. ఆయనకి చిన్నతనమని తుడిచాను. పన్నెండు చేతులు నావల్లే పాడయ్యాయి.' కింద నా పేరు పెట్టాను.

"తుడిచావా? ఎందుకు?" అంది ఈలపిల్ల. దానికి అర్థమే కాలేదు.

"మా దేశంలో పెద్దవాళ్ల తప్పు కనబడితే ముందు దుప్పటి కప్పుతాం" అన్నాను. అంతకంటే ఎలా చెప్పాలో తెలియలేదు.

ఫోనులోంచి దూది కుక్కిన నవ్వు వినబడింది. "అయితే రాశానన్నమాటే! హమ్మయ్య!" అని పెట్టేశాడు ఆ మహానుభావుడు.

యజమానురాలు పలక దగ్గరికి వచ్చి రెండుసార్లు చదివింది. "మూడు నెలలుగా నువ్వు ఒక్క తప్పు రాస్తావేమోనని చూస్తున్నాను" అంది. "సోమవారం నిన్ను వద్దని చెప్పేద్దామనుకున్నాను. తప్పు చేసే మనిషితో నాకు భయం లేదు. అసలు తప్పే లేని మనిషిని చూస్తేనే భయం. ఆ తప్పులన్నీ ఎక్కడికి పోతున్నాయా అని."

"బాత్రూములోకండీ" అన్నాను. ఎలాగూ మునిగాను కదా అని కాలరు సంగతీ చెప్పేశాను.

ఈలపిల్ల పగలబడి నవ్వింది. యజమానురాలు నవ్వలేదు గానీ ఒక కళ్లజోడు తీసి పెట్టుకుంది. "సరే. కోట్ల సంగతేమిటి?"

అదిగో, అక్కడ నాకు ప్రాణం లేచొచ్చింది. తప్పు రాయడం రాదు గానీ, తప్పు కప్పడంలో నన్ను మించినవాళ్లెవరు? "నల్ల గుడ్డ ఉందా?" అన్నాను. "ఎడమ చేతికి భుజం దగ్గర రెండు వేళ్ల నల్ల పట్టీ వేసి అతుకుదాం. కుడి చేతికి అవసరం లేకపోయినా పైన అలాంటిదే కుడదాం. రెండు వైపులా ఉంటే అతుకు అనరు, అందం అంటారు. పదకొండేళ్లు నా బతుకు ఇదే."

యజమానురాలు రెండో కళ్లజోడు కూడా పెట్టుకుని పట్టీ వేసిన మొదటి కోటు చూసింది. "ఊఁ" అంది. ఈసారి నిజంగానే మురిసింది.

బ్యాండు నాయకుడికి ఆమే ఫోను చేసింది. మా తప్పువల్ల ఇలా అయింది, పట్టీ వేస్తున్నాం, ఇష్టమేనా అని అడిగింది. నేను చెవులు మూసుకున్నాను. కుట్టించుకునేవాళ్లతో ఎవరైనా అలా చెప్పుకుంటారా! చూస్తే గానీ చెప్పలేనన్నాడట. ఆరు కోట్లయ్యేసరికి ఐదు కొట్టింది. అందరూ లేచారు! ఇల్లు తగలబడుతుంటే గడియారం చూసుకునే మనుషులు. నేను కుడుతూనే ఉన్నాను. యజమానురాలు వచ్చి నా మిషను దీపం ఆర్పేసింది.

"ఇంకా ఆరు ఉన్నాయండీ!"

"అలిసిన చెయ్యి ఇంకో తప్పు చేస్తుంది. పొద్దున ఏడింటికి రా."

శనివారం వాళ్లకి సెలవు. ఎవరూ రారనే అనుకున్నాను. సరిగ్గా ఏడింటికి ఈలపిల్ల, యజమానురాలు, ఉబ్బిన బుగ్గతో బాబాయిగారు, ముగ్గురూ తలుపు దగ్గరున్నారు. నేనే నాలుగు నిమిషాలు ఆలస్యం. మధ్యాహ్నానికి నాయకుడు వచ్చి తొడుక్కుని, అద్దంలో అటూ ఇటూ తిరిగి, ప్యాంట్లకి కూడా ఇదే పట్టీ వేస్తారా అని అడిగాడు. మా ఆయనకి ఇదంతా చెప్తే, "నువ్వు తప్పు ఒప్పుకున్నావా? నా బస్సు మానేసైనా వచ్చి చూసేవాణ్నే!" అన్నాడు.

సోమవారం నేను వెళ్లేసరికి బాబాయిగారు తడిగుడ్డ పట్టుకుని పలక పక్కన నిలబడి ఉన్నాడు. "ఇక్కడ ఎవరిది వాళ్లే తుడుచుకోవాలి. సరిచేశాకే తుడవాలి" అని గుడ్డ నా చేతికిచ్చాడు. తర్వాత గొంతు తగ్గించి, "నలభై ఏళ్లలో నా తప్పు కనబడకూడదని తపించింది నువ్వొక్కదానివే. మళ్లీ చేయకు. కానీ చేసినందుకు సంతోషం" అన్నాడు. నా మూడు వాక్యాలూ తుడిచాను.

వాటి కింద ఇంకొకటి ఉంది. 'కొత్తగా వచ్చిన మనిషికి ఈ పలక ఎందుకో చెప్పలేదు.' కింద యజమానురాలి పేరు.

నా చెయ్యి ఊరుకుంటేనా! అంతటి మనిషి తప్పు గోడ మీద ఉంటే గుడ్డ దానంతటదే పైకి లేచింది. వెనక నుంచి దగ్గు వినబడింది. గుడ్డ వీపు వెనక దాచుకున్నాను. యజమానురాలు నా పని ఖాయం చేసిన కాగితం బల్ల మీద పెట్టి, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి మొదలుపెట్టింది. "విను. ఈ పలక ఎందుకంటే..."

"ఇప్పుడు తెలిసిందండీ, ఫరవాలేదండీ."

"నీకు తెలిసినా నేను చెప్పాలి. చెప్పకుండా నాది తుడవడానికి వీల్లేదు."

ఇరవై నిమిషాలు చెప్పింది. తెలిసిన సంగతే అయినా మొదటిసారి వింటున్నట్టు తల ఊపుతూ అంతా విన్నాను. అయ్యాక లేచి, గుడ్డ తీసుకెళ్లి ఆమె చేతికిచ్చాను.